స్లీప్ బ్యాండ్, గంట పాట, మా తిరుపతి: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

కొర్లగుంటలో మా ఫ్రెండు వాళ్ల మేడ మీద ఒక గది ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు మేం ముగ్గురం అక్కడ వాయించుకుంటాం, నాది బేస్ గిటారు. టీ తాగడానికి కిందికి దిగితే ఎవరో ఒకరు ఆపుతారు. ఏంది అన్నా ఆ సౌండు, ఏ పాట అది, అంత మెల్లగా ఎందుకు, ఇలాంటివి ఎవరు వింటారు అని. ఒక్కొక్కరికీ నిలబడి చెప్తూ వచ్చాను ఇన్నాళ్లూ. ఈమధ్య ఇంజనీరింగు పిల్లలు ఫోన్లో కూడా అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా. మేం వాయించేది సైకెడెలిక్ హెవీ రాక్ అనే రకం. ఎక్కువగా స్లీప్ అనే బ్యాండు గురించే ఉంటుంది, ఎందుకంటే నన్ను ఇందులోకి లాగింది వాళ్లే.

అసలు స్లీప్ ఎవరు?

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, శాన్ హోసే ఊరు. 1990లో మొదలయ్యారు. ముగ్గురి పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు: బేస్ వాయిస్తూ పాడేది అల్ సిస్నెరోస్, గిటారు మ్యాట్ పైక్, డ్రమ్స్ క్రిస్ హేకియస్. మొదట్లో జస్టిన్ మార్లర్ అని ఇంకో గిటారిస్టు ఉండేవాడు. 1991లో తొలి ఆల్బమ్ వచ్చాక ఆయన బ్యాండు వదిలేసి ఆర్థడాక్స్ క్రైస్తవ మఠంలో సన్యాసిగా చేరాడు. ఆయన వెళ్లిపోయాక మిగిలిన ముగ్గురూ ఇంకొకర్ని తెచ్చుకోలేదు, ముగ్గురితోనే అంత లావు శబ్దం పుట్టించారు.

సైకెడెలిక్ హెవీ రాక్ అంటే ఏంటి? స్టోనర్, డూమ్ అని కూడా అంటున్నారు కదా?

పేర్లు చాలా ఉన్నాయి, వాటి గురించి గంటలు గంటలు కొట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. నా మాటల్లో చెప్తా. గిటారు మీద ఒక చిన్న వరస ఉంటుంది, దాన్ని రిఫ్ అంటారు. మామూలు పాటలో రిఫ్ వస్తుంది, పోతుంది, మధ్యలో పల్లవి చరణం నడుస్తాయి. ఇక్కడ రిఫే పాట. దాన్ని మెల్లగా, బరువుగా, తీగలు బాగా దించి, ఫజ్ అనే గరగర శబ్దంతో మళ్లీ మళ్లీ వాయిస్తారు. బరువు బ్లాక్ సబ్బత్ అనే పాత బ్యాండు నుంచి వచ్చింది. ఆ తేలిపోయే గుణం 1960ల సైకెడెలిక్ రాక్ నుంచి వచ్చింది, అంటే ఒక స్వరాన్ని సాగదీయడం, ప్రతిధ్వని కలపడం, వింటున్నవాడికి టైము తెలియకుండా చేయడం.

మే నెలలో మా తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్లకి ఇది చెప్పడం చాలా సులువు. వేషాలు వీధిలోకి వచ్చినప్పుడు పంబ, డప్పులు ఎలా మోగుతాయో గుర్తు తెచ్చుకోండి. ఒకటే దరువు. మొదటి రెండు నిమిషాలు మీరు దరువు వింటుంటారు. ఐదో నిమిషానికి ఇంకేమీ మారదా అనిపిస్తుంది. పది నిమిషాలు దాటాక వినడం అయిపోయి అది కాళ్లలోకి దిగుతుంది, పక్కన ఎవరికో పూనకం వస్తుంది, నలుగురు పట్టుకుంటారు. ఆ దరువు వాయించేవాడు నాలుగో నిమిషంలో ఆపేసి కొత్తది ఎత్తుకున్నాడనుకోండి, పూనకం రాదు. స్లీప్ చేసేది అదే పని, కాకపోతే కరెంటు గిటారుతో. నేను ఈ పోలిక మ్యూజిక్ తెలిసినవాళ్లకీ చెప్పాను, జాతరకి తప్ప ఇంకెక్కడికీ పోని మా మేనమామకీ చెప్పాను, ఆయనకే ముందు అర్థమైంది.

అరుపులు ఉంటాయా?

స్లీప్‌లో పెద్దగా లేవు. సిస్నెరోస్ పాడేది దాదాపు ఒకే స్వరం మీద, మంత్రం చదివినట్టు. పాటలో చాలాసేపు మాటలే ఉండవు.

గంట పాట అంటున్నారు, నిజంగా గంటా?

గంటా మూడు నిమిషాలు. పేరు డోప్‌స్మోకర్. ఒకే పాట, ఒకే ట్రాకు, ఆల్బమ్ మొత్తం అదే.

దాని కథ మొదట్నుంచి చెప్పాలి. స్లీప్ వాళ్లు రెండో ఆల్బమ్ కోసం రికార్డు చేసిన టేపుని ఇంగ్లండ్‌లోని ఇయరేక్ అనే రికార్డు కంపెనీకి డెమోగా పంపారు. విన్నవాళ్లు మళ్లీ రికార్డు చేయమని అడగలేదు, ఆ టేపునే ఆల్బమ్‌గా వేసేశారు. అదే హోలీ మౌంటెన్. దాంతో పేరొచ్చింది, లండన్ రికార్డ్స్ అనే పెద్ద కంపెనీ పిలిచి డబ్బు ఇచ్చింది. మామూలుగా అయితే ఇక్కడ బ్యాండు ఏం చేస్తుంది, రేడియోకి పనికొచ్చే పాట ఒకటి, లవ్ పాట ఒకటి, అలా పది పాటలు పెడుతుంది. వీళ్లు ఆ డబ్బుతో పెద్ద పెద్ద ఆంప్లిఫయర్లు తెచ్చుకుని, ఎన్నాళ్లుగానో ప్రాక్టీసులో పెంచుకుంటూ వచ్చిన ఒకే పాటని 1996లో రికార్డు చేశారు. నిర్మాత బిల్లీ ఆండర్సన్. అప్పట్లో రికార్డింగ్ టేపు మీద, ఒక రీలు గంట సేపు తిరగదు కాబట్టి పాటని భాగాలుగా వాయించి అతికించారు. అంటే ఒక భాగం ఆపిన చోట నుంచి అదే వేగం, అదే బరువు, అదే శబ్దంతో మళ్లీ ఎత్తుకోవాలి. మేం ఎనిమిది నిమిషాల పాట వాయిస్తేనే ఆరో నిమిషంలో మా డ్రమ్మర్‌కి తెలియకుండానే వేగం పెరిగిపోతుంది. మెల్లగా వాయించడం ఎంత కష్టమో చేతులు పెట్టినవాళ్లకే తెలుస్తుంది.

పాటలో కథ ఏంటంటే, ఎడారిలో ఒక బిడారు నడుస్తూ ఉంటుంది, పుణ్యభూమి వైపు. అంతే. గంట సేపు నడుస్తుంది.

కంపెనీ ఏమంది?

వద్దంది. గంట పాటని ఏ రేడియోకి ఇవ్వాలి, ఏ షాపువాడికి ఏమని చెప్పి అమ్మాలి? మళ్లీ మిక్స్ చేయించి చూశారు, తగ్గించి చూశారు, అయినా విడుదల చేయలేదు. ఆ లాగులాటలోనే బ్యాండు విడిపోయింది. పాట అల్మరాలో ఉండిపోయింది.

కంపెనీని నేను తిట్టను, వాళ్లది వ్యాపారం. నన్ను కదిలించేది ఇటువైపు. ఇరవైల్లో ఉన్న ముగ్గురు కుర్రాళ్లు, జీవితంలో ఒక్కసారి వచ్చే అవకాశం, ఆ రోజు పాటని పది ముక్కలు చేసి ఇచ్చి ఉంటే బ్యాండు బతికేదేమో. కోయలేదు.

మరి మన దాకా ఎలా వచ్చింది?

చేతులు మారి. 1999లో ఆ పాటదే 52 నిమిషాల రూపం ఒకటి జెరూసలేం అనే పేరుతో చిన్న కంపెనీల నుంచి బయటికొచ్చింది, ఆరు భాగాలుగా విడగొట్టి. 2003లో టీ పీ రికార్డ్స్ అనే ఇంకో చిన్న కంపెనీ గంటా మూడు నిమిషాలదీ వేసింది, డోప్‌స్మోకర్ అనే అసలు పేరుతో. 2012లో సదరన్ లార్డ్ వాళ్లు మళ్లీ వేశారు. ఈ మధ్యలో ఎక్కడా టీవీ లేదు, ప్రకటనలు లేవు. విన్నవాడు ఇంకొకడికి ఇచ్చాడు, వాడు ఇంకొకడికి. ఇంటర్నెట్ వచ్చాక ఆ ఇచ్చిపుచ్చుకోవడం సముద్రాలు దాటింది.

నాకు ఇచ్చింది బెంగళూరులో మడివాళ పీజీలో నా రూమ్మేటు, ధర్మపురి అబ్బాయి. 2013 సంగతి. హార్డ్ డిస్కులో వేసి ఇస్తూ ఒకటే మాట అన్నాడు, మధ్యలో ఆపేటట్టయితే అసలు మొదలుపెట్టొద్దని. సంక్రాంతికి ఊరొచ్చి తిరిగి పోతూ తిరుపతి బస్టాండులో కిటికీ సీటు దొరికాక మొదలుపెట్టాను. చంద్రగిరి కోట దాటేదాకా గిటారు గరగర ఒక్కటే వినిపించింది, ఇదేం పాట అనుకున్నాను. పాకాల దగ్గర ఒక పెద్దావిడ చెరకు గడల కట్టతో ఎక్కింది, కట్టని నా కాళ్ల మీదుగా పడుకోబెట్టి, ఉండనీ నాయనా అంది. బయట చెరకు తోటలు, రాళ్ల గుట్టలు వెనక్కి పోతున్నాయి. అప్పటికి అరగంట అయిందని ఫోను చూస్తే గానీ తెలియలేదు. బస్సు కుదుపూ డ్రమ్సూ ఒకటైపోయాయి. పూతలపట్టు దాటాక పాట ఆగింది. ఆగినప్పుడు చెవుల్లో నిశ్శబ్దం కూడా బరువుగా ఉంది. చిత్తూరు వచ్చేదాకా ఇంకేమీ పెట్టుకోలేదు, ఆ పెద్దావిడ పలమనేరులో ఏ స్టాపు దిగాలో అడుగుతుంటే కూడా సగమే వినిపించింది.

ఇప్పుడు వాళ్లకి వచ్చిన గుర్తింపు ఏపాటిది?

2009లో ఇంగ్లండ్‌లో ఆల్ టుమారోస్ పార్టీస్ అనే ఉత్సవంలో మళ్లీ కలిసి వాయించారు. తర్వాత హేకియస్ తప్పుకుంటే న్యూరోసిస్ బ్యాండు డ్రమ్మర్ జేసన్ రోడర్ వచ్చాడు. విడిపోయేముందు చిన్న చిన్న క్లబ్బుల్లో వాయించినవాళ్లకి ఈసారి పెద్ద హాళ్లు నిండాయి. 2018 ఏప్రిల్ 20న ద సైన్సెస్ అనే కొత్త ఆల్బమ్ దాదాపు చెప్పాపెట్టకుండా దించారు, అదీ రాక్ గాయకుడు జాక్ వైట్ నడిపే థర్డ్ మ్యాన్ రికార్డ్స్ నుంచి. స్లీప్ విడిపోయాక 1998లో మ్యాట్ పైక్ పెట్టుకున్న హై ఆన్ ఫైర్ బ్యాండుకి 2019లో బెస్ట్ మెటల్ పెర్ఫార్మెన్స్ గ్రామీ వచ్చింది. కంపెనీ వద్దన్న పాటని ఇప్పుడు ఈ రకం సంగీతంలో అందరూ మొదట చెప్పే నాలుగైదు ఆల్బమ్‌లలో ఒకటిగా లెక్కేస్తారు.

గుర్తింపు అంటే మన దగ్గర వైరల్ అవ్వడం అనుకుంటున్నారు. వీళ్ల విషయంలో అది ఇరవై ఏళ్లు పట్టింది, మెల్లగా, వాళ్ల పాటలాగే. అలా వచ్చిన వినేవాళ్లు ఎక్కడికీ పోరు.

పేరులోనే డోప్ ఉంది. ఇది గంజాయి పాట కాదా?

అవును, పాట మాటల నిండా అదే, దాచడానికేం లేదు. ఆ బిడారు మోసుకెళ్లేది కూడా అదే. ఈ ప్రశ్న ఎక్కువగా తల్లిదండ్రుల నుంచి వస్తుంది కాబట్టి సూటిగా చెప్తా. నేను ఇన్నేళ్లుగా ఈ సంగీతం వింటున్నా, వాయిస్తున్నా, గంజాయి ముట్టలేదు, మా గదిలోకి రానివ్వం. ఇక్కడ అది నేరం, కేసు పడితే పిల్లోడి చదువు, ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ పోతాయి. మా వీధిలోనే ఒక కుర్రాడి సంగతి చూశాను, వాళ్ల నాయన స్టేషను చుట్టూ తిరిగి తిరిగి ఒక్క ఏడాదిలో ముసలాడైపోయాడు. మత్తు ఆ రిఫ్‌లోనే ఉంది, దానికి ఇంకేదీ కలపక్కర్లేదు. జాతర డప్పుకి ఊగే మా మేనమామ టీ తప్ప ఏమీ తాగడు.

దేవుడి ఊళ్లో ఉండి ఈ సంగీతం ఏంది?

పెద్దవాళ్లు అడుగుతారు, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. నా జవాబు మా వంటింట్లో దొరికింది.

స్లీప్ విడిపోయాక సిస్నెరోస్, హేకియస్ ఇద్దరూ కలిసి ఓమ్ అనే బ్యాండు మొదలుపెట్టారు. పేరు అదే, మన ఓంకారమే. గిటారు కూడా లేదు, బేసు, డ్రమ్సు. తర్వాత్తర్వాత తంబూరా, తబలా, సెల్లో చేరాయి. 2012లో వాళ్లది అద్వైతిక్ సాంగ్స్ అని ఒక ఆల్బమ్ వచ్చింది. ఒకరోజు పొద్దున స్పీకర్లో దాన్ని పెట్టి నేను స్నానానికి పోయాను. వచ్చి చూస్తే అమ్మ పప్పు గుత్తి చేతిలో పట్టుకుని హాల్లో నిలబడుంది. మొదటి పాటలో ఒక ఆడగొంతు త్ర్యంబకం యజామహే అని మృత్యుంజయ మంత్రం మెల్లగా పాడుతోంది. గుత్తి నుంచి పప్పు నేల మీదికి బొట్టు బొట్టుగా కారుతోంది, అమ్మ చూసుకోలేదు. ఎవర్రా పాడేది అంది. అమెరికా వాళ్లమ్మా అన్నాను. కాసేపు విని, ఉచ్చారణ కొంచెం తేడాగా ఉంది గానీ భక్తిగానే పాడుతోంది అని లోపలికి పోయింది. అప్పట్నుంచి కార్తీక సోమవారం కాళహస్తి పోయేటప్పుడు కారులో ఆ ఒక్క పాట పెట్టమంటుంది. తర్వాతి పాట రాగానే మార్చేయమంటుంది, అది వేరే సంగతి.

ఇంకో మాట. గుడిలో నాదస్వరం వాయించేటప్పుడు పక్కన ఒకరు ఒత్తు ఊదేవాళ్లు, ఆగకుండా ఒకటే శ్రుతి. ఇప్పుడు చాలాచోట్ల ఆ పని శ్రుతిపెట్టె చేస్తోంది. ఆ నిలిచిన స్వరం లేకపోతే పైన ఎంత గొప్ప రాగం తీసినా నిలబడదు. డ్రోన్ అని వాళ్లు ఇంగ్లీషులో పేరు పెట్టుకున్నది ఇదే. మన చెవులకి ఇది పరాయిది కాదు.

ఆ లావు శబ్దం ఎలా వస్తుంది? పెద్ద గిటారు కొనాలా?

మామూలు గిటారే. మూడు పనులు చేయాలి.

ఒకటి, తీగలు దించడం. గిటారు లావు తీగ మామూలుగా ఇ (E) అనే స్వరంలో ఉంటుంది, స్లీప్ వాళ్లు సి (C) దాకా దించుతారు. దీనికి మూలపురుషుడు బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమి. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు, 17 ఏళ్ల వయసులో, అదీ అక్కడ పని మానేసే చివరి రోజున, మెషీనులో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సిన చెయ్యే పోయింది. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు, సన్న తీగలు వేసుకున్నాడు. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ నాటికి తీగల్ని ఇంకా దించేశాడు, వదులుగా ఉంటే ఆ వేళ్లకి సులువు. ఆ వదులు తీగల్లోంచి ఎవరూ అప్పటిదాకా వినని బరువు వచ్చింది. గిటారు వదిలేద్దామనిపించిన రోజు నేను ఆ ప్లాస్టిక్ తొడుగుల్ని తలుచుకుంటా.

రెండోది ఫజ్ పెడల్, కాలితో తొక్కే చిన్న డబ్బా. గిటారు నుంచి వచ్చే కరెంటు తరంగం గుండ్రంగా ఉంటుంది, ఈ డబ్బాలో ట్రాన్సిస్టర్లు దాన్ని మోయలేనంత పెంచుతాయి, దాంతో తరంగం తలా తోకా తెగిపోయి చదునుగా అయిపోతుంది. ఆ తెగిన అంచులే గరగర. పెళ్లిళ్లలో మైక్ సెట్ ఫుల్లుగా పెడితే హారన్ బొంగురుపోతుంది చూడండి, సూత్రం అదే. ఇది పుట్టిందే ఒక రిపేరులోంచి. 1960ల మొదట్లో నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్‌లో మిక్సర్ చెడిపోయి బేసు గిటారు శబ్దం చిరిగిపోయినట్టు వచ్చింది, దాన్ని అలాగే ఉంచేశారు, జనానికి నచ్చింది. 1962లో ఆ చెడిపోయిన శబ్దం కోసమే గిబ్సన్ కంపెనీ మాస్ట్రో పేరుతో డబ్బా చేసి అమ్మింది. నేను వాడేది చెన్నైలో ఒకతను చేత్తో టంకం వేసి ఇచ్చిన బిగ్ మఫ్ రకం, నాలుగు ట్రాన్సిస్టర్లు, పాత స్టీలు టిఫిన్ డబ్బాలో బిగించాడు. దాని మూత ఇప్పటికీ వేలు పెట్టి తెరవచ్చు.

మూడోది ఆంప్లిఫయర్, బాగా గట్టిగా.

చెవులు పోవా?

పోతాయి, జాగ్రత్త పడకపోతే. 85 డెసిబెల్స్ శబ్దం రోజుకి 8 గంటలు తట్టుకోవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క, అక్కడ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కి టైము సగం అవుతుంది. 100కి వెళ్తే 15 నిమిషాలే. మా గదిలో ముగ్గురం ఇయర్‌ప్లగ్స్ పెట్టుకునే వాయిస్తాం.

మన వైపు ఇలాంటి బ్యాండ్లు ఉన్నాయా?

బెంగళూరులో ఉన్నాయి, మనకి రాత్రి బస్సు దూరం. బేవర్ సీ అని ఒకటి, పేరు చూడగానే మనవాళ్లు నవ్వుతారు, కన్నడలో బేవర్సి అనే మాటని అలా విరిచారు, మన బేవార్సే. 2012లో మొదటి ఆల్బమ్, 2015లో రెండోది. జిన్ అండ్ మిస్కటానిక్ ఇంకొకటి, ఇంకా మెల్లగా, ఇంకా చీకటిగా ఉంటుంది. ఇలాంటి బ్యాండ్లని మీరు ఆదుకోవాలంటే బ్యాండ్‌క్యాంప్‌లో కొనండి. 2008 నుంచి నడుస్తున్న సైటు అది, ఆల్బమ్ నేరుగా బ్యాండు దగ్గర కొన్నట్టు ఉంటుంది, అమ్మిన డబ్బులో ఎక్కువ వాటా వాళ్లకే పోతుంది. ఉచితంగా వినడం తప్పు కాదు, నేనూ హార్డ్ డిస్కులోనే మొదలుపెట్టాను, కానీ నచ్చాక ఒక్కటైనా కొనండి. ఒక ఆల్బమ్ ఖరీదు మనం రెండు బిర్యానీలకి పెట్టేదే.

తెలుగులో?

మేం రాస్తున్నాం. తెలుగు మాటలు అచ్చులతో ముగుస్తాయి కదా, సాగదీయడానికి ఇంతకంటే మంచి భాష దొరకదు. శేషాచలం అడవిలో ఎండాకాలం అంటుకునే మంట మీద ఒక పాట ఉంది, మొత్తం ఎనిమిది లైన్లే, పదకొండు నిమిషాలు.

తిరుపతిలో వాయించడానికి చోటు దొరుకుతుందా?

కష్టం. పెళ్లి ఆర్కెస్ట్రాలు ఉన్నాయి, భజన బృందాలు ఉన్నాయి, టీటీడీ సంగీత కళాశాల ఉంది, అందరికీ చోట్లు ఉన్నాయి. మేం సొంత పాట వాయిస్తామంటే ఎక్కడికి పోవాలి? అద్దె గదుల్లో వారానికొక ఓనరు మారాడు. లో వోల్టేజి వచ్చిన రోజు ఆంప్లిఫయర్ గొంతు మూగబోతుంది. చివరికి ఒక కాలేజీ ఫెస్టులో అవకాశం వచ్చింది. నాలుగు నిమిషాలు అన్నారు, మా చిన్న పాటే ఎనిమిది, ముందే చెప్పాం, సరే అన్నారు. నాలుగో నిమిషంలో, సరిగ్గా రిఫ్ రెండోసారి కిందికి దిగే చోట, మైకులు కట్ చేసేశారు. స్టేజీ మీద మా డ్రమ్మర్ ఒక్కడే కొడుతున్నాడు, వాడికి తెలియలేదు. సినిమా డాన్సు టీమ్ అప్పటికే పక్కన రెడీగా ఉంది. దిగి, వైర్లు చుట్టుకుంటూ, నాకు మాట రాలేదు. మా గిటారిస్టు మాత్రం, ఇంకోసారి ఇలా కోస్తే వాయించొద్దు మనం, మూడు నిమిషాల పాట చేద్దాంలే అన్నాడు. ఆ రాత్రి లీలామహల్ సెంటర్లో దోసె తింటూ దాని మీదే పెద్ద గొడవ పడ్డాం. చేయలేదు, ఇప్పటికీ అవే పాటలు.

వారం తర్వాత ఆ కాలేజీ పిల్లలు ముగ్గురు గది వెతుక్కుంటూ వచ్చారు. అందులో ఒకమ్మాయి అడిగింది, అన్నా, ఆరోజు పాట మిగతాది వినిపిస్తారా అని. ఎనిమిది నిమిషాలూ వాయించాం. ఆ అమ్మాయి ఇప్పుడు కలికిరి నుంచి ఆదివారాలు వస్తుంది, డ్రమ్స్ నేర్చుకుంటోంది, మా డ్రమ్మర్ కంటే మెల్లగా వాయించగలదు.

బ్యాండు పెట్టాలంటే ఎంత అవుతుంది?

నా బేసు పాతది, 9,000. ఫజ్ డబ్బా 2,500. ఆంప్లిఫయర్ ముగ్గురం చందా వేసుకుని కొన్నాం. డ్రమ్ సెట్టు చర్చిలో వాడి పక్కన పెట్టినది, పాస్టరు గారు ఏమీ తీసుకోకుండా ఇచ్చేశారు, తోళ్లు మాత్రం మార్చుకున్నాం. అన్నీ కొత్తవి కావాలని కూర్చుంటే ఎప్పటికీ మొదలుకాదు.

ఎక్కడ నుంచి వినడం మొదలుపెట్టాలి?

హోలీ మౌంటెన్‌తో. పాటలు చిన్నవి, బ్లాక్ సబ్బత్ వాసన తెలుస్తుంది. తర్వాత ఓమ్. గంట పాట ఆఖర్న, ఖాళీ ఉన్న రోజు చూసుకుని. ఫోను స్పీకర్లో వద్దు, అందులో బేసు రానే రాదు, సగం పాట పోతుంది. పది రూపాయల ఇయర్‌ఫోన్ అయినా మేలే. నోటిఫికేషన్లు ఆపేయండి.

మీ ప్రాక్టీసుకి రావచ్చా?

రండి. ఆదివారం మూడు నుంచి ఐదున్నర, పక్కింటి అత్త మధ్యాహ్నం నిద్ర లేచాకే మొదలుపెడతాం, దీపం పెట్టేలోపు ఆపేస్తాం, అది ఆమెకి ఇచ్చిన మాట. మెట్లు ఇరుకు, చెప్పులు కిందే వదలండి. ఇయర్‌ప్లగ్స్ లేకపోతే దూది తెచ్చుకోండి. పాట మొదలయ్యాక వస్తే తలుపు కొట్టొద్దు, వినపడదు, అయ్యేదాకా మెట్ల మీద కూర్చోండి, అక్కడికీ బాగానే వినిపిస్తుంది.